రెండు నారింజ దీపాలు

“...అన్నిటికి బొట్టు పెట్టి దానొక్కదానికి పెట్టకుంటే ఎట్ల? అది యంత్రం కాదా ఏంది?”

“పెట్టు, ఎవరొద్దన్నరు! పెట్టె మీద పెట్టాలె గాని, దాని పేగులు బయటికి గుంజి పెడ్తరా?”

వాసుదేవ్ ఇంకా చెప్పులు విడుస్తూనే ఉన్నాడు. లోపల స్టూడియో యజమాని నాగేశ్వరయ్య, ఆయన భార్య గిరిజమ్మ తగువులో ఉన్నారు. నిన్న ఆయుధ పూజ. కెమెరాలకు చుట్టిన బంతిపూలు ఇంకా వాడలేదు.

రాయచూరులో ఆ స్టూడియోకి వాసుదేవ్ ఇరవై ఆరేళ్ల కిందట, డార్క్‌రూంలో ఫొటోలు కడగడానికి వచ్చాడు. కడిగే పని పోయింది, అతను పోలేదు. ఫొటోలన్నీ దాచే సర్వరు వచ్చాక తెర మీది ఇంగ్లీషు హెచ్చరికలను తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో దించుకుని, కనబడ్డవాళ్లనల్లా అర్థం అడిగి నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్ల పెళ్ళిళ్ళు అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ పెట్టే డబ్బా నిండిపోయి రెండేళ్లయింది; ఆ తర్వాతివి సర్వరులో తప్ప ఎక్కడా లేవు. మొన్న తీసిన గబ్బూరు పెళ్ళి ఫొటోలు ఇంకా ఇవ్వనే లేదు.

దుమ్ము పడకుండా సర్వరును ఉంచిన బీరువా తలుపు తీశాడు. ఎనిమిది డిస్కులు. ఒకటి చెడితే మిగతా ఏడూ దాని బరువు మోస్తాయి. రెండు చెడితే మోయలేవు. చెడినదాని మీద నారింజ దీపం వెలుగుతుంది.

రెండు నారింజ దీపాలు. ఐదో డిస్కు పిడి మీద కుంకుమ. తెర మీద, డిస్కుల కూటమి విఫలమైందని ఒకే ఒక్క వాక్యం.



“అమ్మా, ఎన్ని గుంజినరు?”

“ఒగటే, నా తల్లితోడు. పొడిబట్టతోని తుడ్సి, బొట్టు పెట్టి, మల్ల దూర్చిన. మూడోది ముందుగాలనే గట్ల వెలుగుతుండె. బాగుందనుకున్న.”

“ఇగ కథలు చెప్పు,” అన్నాడు నాగేశ్వరయ్య. “వాసుదేవ్, డిస్కులను మల్ల కలిపే బటనేదో ఉంటది గద, నొక్కు.”

“ఆగండి సావుకారీ. తెల్వక నొక్కితే మిగిలింది గూడ పోతది.”

సర్వరు తనకు తానే రాసుకునే చిట్టా తెరిచాడు. ఐదో డిస్కు విఫలం, నిన్న పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలు. పైకి జరిపాడు. మూడో డిస్కు, ఫిబ్రవరి పదకొండు, పగలు పన్నెండున్నర. దాని కింద ఇంకో వరుస ఉంది: అలారం ఆపివేత. ఆపినవారు: వాసుదేవ్.

ఆ వరుసను మూడుసార్లు చదివాడు. ఆ పగలు మాన్వి ఊరి పెళ్ళివారు ఆల్బం ఫొటోలు ఎంచుకుంటున్నారు. లోపలి నుంచి బీప్ బీప్‌మని మోత. ఎవరో తుమ్మినట్టు పెళ్ళికూతురి నాయనమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, “మంచి గడియల ఇదేం కూత!” అంది. అతను పరుగెత్తి మోత ఆపాడు. సాయంత్రం కొత్త డిస్కు తెప్పించాలనుకున్నాడు. ఆ సాయంత్రం మస్కిలో రిసెప్షన్. ఆ తర్వాత ఇంకో పెళ్ళి, ఇంకోటి. ఎనిమిది నెలలు ఆ దీపం మూసిన తలుపు వెనక వెలుగుతూనే ఉంది.

సర్వరు ఆపి, డిస్కులను ఒక్కొక్కటే బయటికి తీసి, వరుస తప్పకుండా నంబర్లు రాశాడు.

“సావుకారీ, అమ్మది కాదు తప్పు. మూడోది ఫిబ్రవరిలనే చచ్చింది. దాని కూత నేనే బందు పెట్టిన.”

నాగేశ్వరయ్య బీరువా దగ్గరికి వచ్చాడు. “ఏందీ?”



వాసుదేవ్ మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు.

“ఇవి తీస్కొని రేపు హైదరాబాద్ పోత, చెడిన డిస్కులకెళ్లి ఫొటోలు బయటికి తీసేటోళ్లు ఆడ ఉంటరు. ఇప్పుడైతే గబ్బూరు పోతున్న. పెళ్ళోళ్లకు నేనే చెప్త.”