బ్యానర్‌కు రెండో చెయ్యి

చేతులు లాగుతున్నాయని ఒక మనిషి నోరు తెరిచి చెబితే, అందరూ దాన్ని మెచ్చుకోవడానికి సందు దొరికినట్టు ఎలా తీసుకోగలిగారు?

ఆవిడ మా పక్క గదిలో ఉండేది. నూలు మిల్లులో దారం చుట్టే పని. కార్మికుల ఊరేగింపుల్లో బ్యానర్‌కు ఒక కర్ర ఎప్పుడూ ఆవిడదే కనక అందరికీ బ్యానరక్క. రెండో కర్ర భర్తది. ఆయన పోయాక అది చాలా చేతులు మారింది. ఈవిడది మారలేదు. జెండాను ఒక్కడు మోసేస్తాడు. బ్యానర్‌కి ఇద్దరు కావాలి. గాలి తగిలితే గుడ్డ ఉబ్బి భుజాలను వెనక్కి గుంజుతుంది.

ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని మోచేతికి నూనె రుద్దుకుంటూ అడిగింది.

“అన్నయ్యా, పొద్దస్తమానం పుస్తకాల్లో తల దూరుస్తావుగా. అసలీ బ్యానరనే మాట ఎక్కడిది?”

నిఘంటువు తెచ్చి చూశాను.

“పాత జర్మన్ జాతుల మాటట. గుర్తు, సైగ అని. ఫ్రెంచి వాళ్ళ మీదుగా ఇంగ్లీషులోకొచ్చింది. యుద్ధమొస్తే దొర దాన్ని ఎత్తించేవాడు, అతని మనుషులంతా దాని కింద పోగవ్వాలి. ఇప్పుడు పేపర్లో పెద్ద హెడ్డింగునీ, సినిమా కంపెనీనీ కూడా అంటున్నారు.”

“దొరే మోసేవాడా?”

“దొరెందుకు మోస్తాడమ్మా! దానికో మనిషుంటాడు.”

“వాడి చెయ్యి పడిపోతే?”

“అది రాయలేదు.”

“ఎందుకు రాస్తారులే!” అని నవ్వబోయింది. నవ్వు కాస్తా ఆవలింతైంది.

ఆ వారమే సంఘం మీటింగులో లేచింది. “చేతులు లాగుతున్నాయి, ఇక నా వల్ల కాదు తమ్ముళ్ళూ. ఎవరైనా అందుకోండి.”

అందరూ చప్పట్లు కొట్టారు.

“నువ్వు లేని ఊరేగింపు పెళ్ళికూతురు లేని పెళ్ళక్కా!” అన్నాడు కార్యదర్శి.

“మా వదిన చేతిలో ఉంటేనే దానికందం,” అని అదే సంఘంలో ఉన్న ఆవిడ మరిది వంతపాడాడు.

అక్కడితో ఆగలేదు. ఆవిడ మీద గౌరవంతో కొత్త బ్యానర్ కుట్టించారు. పాతదానికంటే పొడుగు, మందపాటి గుడ్డ. కర్రల బదులు ఇనప గొట్టాలు.

ఊరేగింపు నాడు మిల్లు గేటు దగ్గర ఆవిడ గొట్టాన్ని ఒకసారి ఎత్తి, నేలకు ఆనించింది. పక్కనే కార్యదర్శి మైకు పుచ్చుకుని “అలుపన్నది ఎరగని మన అక్క” అంటున్నాడు. ఆవిడ గొట్టాన్ని అతని ఖాళీ చేతికి అందించింది. అతను మాట ఆపకుండానే పట్టుకున్నాడు.

నేను ఎదురుగానే ఉన్నాను. నన్ను చూసింది కూడా. చెమట తుడుచుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయింది.