రబ్బరు రొయ్య

ఆ రోజు చీకటి పడడానికి ఇంకా మూడు గంటలుంది. ఆ మూడు గంటల్లో నూకరాజు రబ్బరు రొయ్యకి ఒక్క చేపైనా పడేదా? పన్నెండేళ్లయింది, ఇప్పటికీ నాకు తెలియదు. పడేది కాదులే అనుకుంటే నేను చేసింది పెద్ద తప్పేమీ కాదనిపిస్తుంది. పడేదేమో అనిపించిన రోజు చదువుతున్న పుస్తకం మూసి ఊరికే కూర్చుంటాను.

2011 వేసవిలో ఆయన అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా పక్క వీధిలో ఉండే కూతురు కృష్ణవేణి దగ్గరికి వచ్చాడు. ఊరు భీమిలి. నలభై ఏళ్లు సముద్రం మీద బతికినవాడు. ఏడాది ముందు పక్షవాతం వచ్చి తగ్గింది గానీ, కుడిచెయ్యి పూర్తిగా తిరిగి రాలేదు. గ్లాసు పట్టుకునేవాడు. అందులో ఉన్నది వేడిదో చల్లదో ఆ వేళ్లకి తెలిసేది కాదు. భీమిలిలో ఆయన పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది. అమ్మేయమని కూతురు, తనకే అమ్మమని బావమరిది. చివరికి తండ్రీ కూతురూ ఒక మాట అనుకున్నారు. సెప్టెంబరులో తిరుగు విమానం ఎక్కేలోపు ఆ చేత్తో ఒక్క చేప పడితే పడవ ఉంటుంది. లేకపోతే అమ్మకం.

కృష్ణవేణికి ఆఫీసు. నేను కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇంట్లో ఒక్కణ్ణే. నాన్నని బీచ్‌కి తీసుకెళ్తారా అంకుల్ అని అడిగింది. అలా ప్రతి బుధవారం రెండున్నర గంటల ప్రయాణం. సముద్రంలోకి పొడుగ్గా వేసిన చెక్క వంతెన మీద ఆయన గాలంతో నిలబడేవాడు, నేను మడతకుర్చీలో పుస్తకంతో.

మొదటి రోజు ఎరల దుకాణంలో బతికున్న రొయ్యలు తొట్టిలో గెంతుతున్నాయి. నేను అవే తీసుకోబోతే ఆపాడు. గోడకి వేలాడుతున్న రబ్బరు రొయ్యల్ని చూపించాడు. గులాబి రంగు, ఒంటినిండా మెరుపు.

"మీ అమెరికాలో రొయ్యకి కూడా పౌడరేత్తారేటి మాస్టారూ," అని నవ్వాడు. తరవాత నవ్వకుండా అన్నాడు. "బతికున్న ఎర ఎడితే అదే కొట్టుకుంటాది, సేపని అదే పిలుత్తాది. ఇంక నా సెయ్యి సేసిందేటి?"

విషయం అదీ. రబ్బరు రొయ్యకి తనంతట తాను కదలడం రాదు. దూరంగా విసిరి, అడుక్కి దిగనిచ్చి, మణికట్టుతో రెండుసార్లు చిన్నగా ఎగరేసి, మళ్లీ దిగనివ్వాలి. అది దిగేటప్పుడే చేప అందుకుంటుంది. ఎగరేసేది కుడిచెయ్యి. ఆయన చెయ్యి ఒకసారి మరీ గట్టిగా గుంజేది, ఒకసారి ఆలస్యంగా కదిలేది. ముడి వెయ్యడం ఆ వేళ్లతో అయ్యేది కాదు కనక కొక్కేనికి రబ్బరు తొడిగి దారం కట్టడం నా పని. నేను కట్టిందాన్ని ఆయన ఎప్పుడూ సరిచూసుకోలేదు.

ఎనిమిది బుధవారాలు ఏమీ పడలేదు. పక్కన కూర్చునే ముసలి అమెరికన్ ఒకాయన జాలిపడి తన బకెట్లో రొయ్యలు తీసుకోమనేవాడు. నూకరాజు నాచేత జవాబు చెప్పించేవాడు, జబ్బు చేతికే గానీ రోషానికి కాదని. ఏడో వారం మాత్రం దారం బిగిసింది. లాగితే నాచు. అయినా ఆయన ఇంటికొచ్చేదాకా అదే మాట. నాచు కంటికి కనపడకముందే కుడి చూపుడువేలికి తెలిసిందట.

"తెలిసింది మాస్టారూ. నిజిం."

నేను నమ్మలేదు. నమ్మినట్టు తలూపాను.

ఆఖరి బుధవారం, శనివారం విమానమనగా, ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు నేను దుకాణానికి వెళ్లి ఒక రొయ్య కొన్నాను. ఒలిచి, గోరంత ముక్క తుంచి, కొక్కెం మొనకి గుచ్చాను. గులాబి రబ్బరు మీద అది కనపడనే లేదు. దారం కట్టి ఆయన చేతికిచ్చాను.

మూడో విసురుకి పడింది. ఎడమచేత్తో రీలు తిప్పుతూ, కుడిచేత్తో గాలం నిలిపి, జానెడు చేపని పైకి తెచ్చాడు. ముసలాయన చప్పట్లు కొట్టాడు. నూకరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కృష్ణవేణికి ఫోన్ చెయ్యమన్నాడు, పడవ ఉంటాదని తనే చెప్పుకుంటాడట. నేను నంబరు నొక్కాను. అవతల మోగుతోంది. ఈలోగా కొక్కెం తియ్యడానికి ఆయన చేప నోరు తెరిచాడు.

నేను గుచ్చిన రొయ్య ముక్క ఆయన ఎడమ బొటనవేలికి అంటుకుంది. వాసన చూశాడు. నావైపు చూడకుండా ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

"అమ్మా, పడవ మావయ్యని తీసుకోమని సెప్పు. లేదమ్మా, ఏటీ పళ్లేదు."

చేపని నీళ్లలో వదిలాడు. మళ్లీ కట్టి ఇస్తాను, ఈసారి ఒట్టి రబ్బరే, ఇంకా చాలా పొద్దుంది అన్నాను. ఆయన గాలాన్ని వంతెన కమ్మీకి ఆనించాడు.

"తొమ్మిది వారాల్నుంచి నా సెయ్యి సూత్తన్నది మీరొక్కరే మాస్టారూ. మీకే నమ్మకం నేపోతే ఇంకేటుంది."

ఆ తరవాత రెండు రోజులు వాళ్ల తలుపు తట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు.

శనివారం పొద్దున్న వాళ్ల డిక్కీలో సూట్‌కేసులు సర్దుతుంటే వెళ్లి నిలబడ్డాను. కృష్ణవేణి థాంక్స్ అంకుల్ అంది, మీ పుణ్యాన పడవ వదులుకోడానికి నాన్న ఒప్పుకున్నారు అంది. నూకరాజు అప్పటికే వెనక సీట్లో, అవతలి పక్కన కూర్చున్నాడు. నేను చుట్టూ తిరిగి ఆయన అద్దం దగ్గరికి వెళ్లాను. అద్దం మూసే ఉంది. ఆయన ముందు సీటు వైపు చూస్తున్నాడు. కారు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆయన తల అలాగే, ముందుకే ఉంది.