స్విచ్చు కింద పీట

నర్సీపట్నంలో మాది పాత డాబా. మొన్నటి వానల్లో మేడమీద ట్యాంకు పైపు కారి, హాలు గోడంతా చెమ్మ పట్టింది. స్విచ్చు ముట్టుకుంటే జివ్వుమని షాక్ కొట్టేది. ఇంట్లో చెప్పులేసుకుంటే మా అత్తగారు ఊరుకోరు. అందుకని ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా బోర్డు కింద చెక్కపీట వేశాం. దానిమీద నిలబడే ఎవరైనా స్విచ్చేయాలి.

సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు పెళ్లిచూపులకు రోలుగుంట నుంచి మగపెళ్లివారు వచ్చారు. బోర్డు పక్కనే కూర్చున్న పెళ్లికొడుకు తల్లి, ఉక్కగా ఉందంటూ ఫ్యాను వేయబోయారు.

"పీటండీ! బేగి పీటెక్కండి!" అని అందరం ఒక్కసారే అరిచాం.

ఆవిడ బెదిరిపోయి పీటెక్కి, స్విచ్చేసి, గోడకు దణ్ణం కూడా పెట్టేశారు. షాక్ సంగతి చెబితే పరువు పోతుందని అత్తగారు నోరు మెదపలేదు.

సంబంధం కుదిరింది. పైపు బాగైంది, గోడా ఆరింది. పెళ్లయిన కొన్నాళ్లకు ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, మా అత్తగారు ఇక్కడ ప్రతి స్విచ్చు కిందా పీటేయించారు. 'మీ పుట్టింటి ఆచారం, మానకూడదమ్మా' అంటన్నారు. ఏటి సెప్పమంటావు?"

నిజం చెప్పే ధైర్యం మాకింకా రాలేదు. ఇది అచ్చు వేస్తే దయచేసి నా పేరు వేయకండి. ఆవిడ ఈ పేజీ వదలకుండా చదువుతారు.