తమలపాకు మీద చెవిగాటు

ఈ శ్రావణంలో మా అవ్వ చనిపోయింది. నల్లమలకు మేతకు పోయిన గొర్రెల మందలు ఇప్పుడు దిగివస్తున్నాయి. అవి తలో దారి పట్టకముందే, ఇది చదివినవాళ్లెవరైనా ఈ కబురు మా పెద్దనాయనకు చేరుస్తారని రాస్తున్నాను.

ఆయన అవ్వకు పెద్దకొడుకు. నేను పుట్టకముందు, మీసాలు రాని వయసులో, మందతో అడవికి పోయి తిరిగి రాలేదు. సగం గొర్రెలే ఇల్లు చేరాయి. పులి తినిందన్నారు. మా వైపు ఒక్కో ఇంటి గొర్రెల చెవులకు ఒక్కో గాటు ఉంటుంది. మా గాటు అచ్చిరాలేదని తాత దాన్ని మార్చేశాడు.

అవ్వ పాత గాటును మరచిపోలేదు. తమలపాకు వేసుకునేముందు కొనను గోటితో చీల్చి, ఎడమ అంచున చిన్న గంటు పెట్టేది.

"ఏందవ్వా, ఆకును గూడా గొర్రెను చేస్తివే?"

"నమిలేది నేను. నీకేంది నొప్పి? పో మే!"

కొడుక్కి కర్మ చేస్తామంటే, "ముందు శవాన్ని చూపించండి" అనేది.

మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. నాయన వద్దన్నా అవ్వే చెయ్యి పట్టుకొని తీసుకెళ్లింది. తెల్లదొరలు పోయి కొత్త రాష్ట్రం వచ్చాక తర్లుపాడు దగ్గరి పల్లెలో టీచరునయ్యాను.

మొన్న వేసవిలో శ్రీశైలం పోతూ దోర్నాలలో బస్సు దిగాను. హోటలు పక్కన మేస్తున్న గొర్రె చెవికి అదే చీలిక, అదే గంటు.

"ఈ గాటు ఎవరిదక్కా?" అని కాసే ఆమెను అడిగాను.

"మా నాయనది. గొర్రెను కొంటావా, ఉత్త చెవి కొంటావా?"

మాటల్లో తేలింది, ఆమె నాయనే మా పెద్దనాయన. ఆ రోజు ఆయన కునుకు తీస్తే రేచుకుక్కలు మంద మీద పడ్డాయట. తండ్రి చంపుతాడని భయపడి అడవిలోనే ఉండిపోయాడు. కోపం తగ్గాక పోదామని ఏటేటా పైకొచ్చే మందల్లో మా గాటు కోసం వెతికాడు. కనబడకపోయేసరికి ఇల్లే లేకుండా పోయిందనుకున్నాడు.

"మన అవ్వ బతికే ఉంది" అన్నాను.

"నాయన కృష్ణ ఒడ్డున ఉండాడు. వానలు పడినాక పిల్చుకొస్తా" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. "గాటు మార్చింది మనమే గదే" అంది. "గొర్రె పోతే గొర్రె పుడతాది. ఆ మాట వాణ్ణి పంపేటప్పుడే చెప్పకపోతిని."

ఆషాఢంలో మంచం పట్టింది. ఎద్దులబండి చప్పుడైనా తల ఎత్తేది.

దినం అయ్యాక దోర్నాల వెళ్లాను. హోటలాయన చెప్పాడు: "ఆషాఢంలోనే మీ పెద్దనాయన దిగినాడమ్మా. బస్సు దాకా వచ్చినాడు. గొర్రెల్ని పోగొట్టి ఏ మొగం పెట్టుకొని పోయేదని ఈ బల్ల మీదనే ఏడ్చినాడు. కూతురు ఎంత బతిమాలినా ఇనకుండా మళ్లీ పైకే పోయినాడు, ఆ పిల్లా ఎనకే పోయింది."

అప్పటికి అవ్వ బతికే ఉంది.

మందలవాళ్లకు ఆయన ఎదురైతే దయచేసి చెప్పండి. తాత పోయి ఏళ్లయింది. ఇంట్లో ఎవరికీ కోపం లేదు. మా వాళ్లలో తల్లి సమాధికి తలవైపు రాయి పెద్దకొడుకే పెట్టాలి. పెద్దల అమావాస్య దాకా ఆయన కోసం చూస్తాం. వస్తాడో రాడో ఆలోపల ఒక కార్డు రాయండి, తర్లుపాడు పోస్టులో టీచరమ్మ అంటే నాకు చేరుతుంది. మట్టి మీద అప్పుడే గడ్డి మొలిచింది. రాయి లేకపోతే వచ్చే ఏటికి చోటు కూడా తెలియదు.