మిషన్‌కు కొట్టిన కొబ్బరికాయ

మా అన్నకు భౌతికశాస్త్రంలో ఢిల్లీవాళ్లు అవార్డు ఇచ్చిన ఏడు, ఇంటికి వచ్చినవాళ్లందరూ ఒకే ప్రశ్న అడిగారు: "ఇంతకూ ఏం కనిపెట్టిండు?" జవాబు చెప్పే పని నా మీద పడింది. బి.ఎ. చదువుతున్నాననే పేరుతో ఇంట్లో ఊరికే ఉన్నది నేనొక్కణ్ణే. "మీదికెల్లి కనబడనియి కురుస్తుంటయి, అవి లెక్కపెడతడు" అనేవాణ్ణి. వచ్చినవాళ్లు ఆకాశం వంక చూసి, నా వంక చూసి, చాయ్ తాగి లేచేవారు.

నేను చెప్పింది అబద్ధమేమీ కాదు. ఆకాశం నుంచి సన్నటి రేణువులు ఎప్పుడూ కురుస్తూనే ఉంటాయట. ఇంటి కప్పు, మనిషి పుర్రె, రాతి పొర, దేన్నీ ఖాతరు చేయకుండా దిగిపోతాయట. భూమిలోకి ఎంత లోతుదాకా దిగుతాయో తేల్చాలని అన్న పట్టుదల. దానికి లోతైన గొయ్యి కావాలి. మాకు వేరే ఆస్తి లేకపోయినా గొయ్యి ఉంది. గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లా బొగ్గుబాయిలో మా బాపు నీళ్లు తోడే పంపు నడిపేవాడు.

అన్న కరీంనగర్‌లో కాలేజీ పాఠాలు చెప్పేవాడు. సెలవు దొరికితే చాలు, గోదావరి దాటి వెళ్లి బాయిలోకి దిగేవాడు. బొగ్గు తీయడం ఎప్పుడో ఆగిపోయిన ఒక మూల, గ్యాస్ లేదని మేనేజర్ ఒప్పుకున్నాక, చెక్కపెట్టె ఒకటి పెట్టాడు. అందులో సీసపు ఇటుకల మధ్య గాజు గొట్టాలు. రేణువు తగిలినప్పుడల్లా పెట్టె టిక్కుమనేది. ఎండలోనూ వానలోనూ ఏడాది పొడుగునా ఆ లెక్క తెగకూడదు. తెగితే ఆ లెక్కను సరిచూసే బొంబాయి సైన్సు పెద్దలు ఒప్పుకోరు. గొట్టాలు విదేశాల నుంచి వచ్చాయి. వాటి పర్మిట్ కోసం అన్న ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే ఒక పెళ్లి సంబంధం కూడా తప్పిపోయింది. పిల్ల తరఫువాళ్లు ఎప్పుడు వచ్చినా మావాడు ఇంట్లో దొరకలేదు.

అవార్డు ఈ పెట్టెకు కాదు, హైదరాబాదులో చదువుకునే రోజుల్లో చేసిన పాత పనికి. ఆ తేడా అన్నకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలియజెప్పడం నా తరం కాలేదు.

బాపుకైతే మొదటి నుంచీ ఆ పెట్టె మీద చిన్నచూపే. "బొగ్గు తవ్వది, నీళ్లు తోడది. గదేం మిషన్‌రా? కూసోని నాలుక చప్పరిస్తది" అనేవాడు. పేపర్లో అన్న ఫోటో పడిన రోజు నుంచి మాట మారింది. దసరా దగ్గర పడుతోంది. బాయిలో ఆ రోజు పంపు మొదలుకొని గడ్డపార దాకా అన్నిటికీ పూజ చేస్తారు. "ఈసారి మొదటి కాయ నా కొడుకు మిషన్‌కే" అని బాపు అందరికీ చెప్పేశాడు. ఏడాది లెక్క పూర్తి కావడానికి ఇంకా రెండు నెలలున్నాయి.

పండుగనాడు బాపు, అన్న, బాపు జట్టు మేస్త్రీ సర్దార్, కొంతమంది కార్మికులు, వెనక నేను, అందరం ఆ పెట్టె చుట్టూ చేరాం.

"మూత తియ్యి సారూ" అన్నాడు సర్దార్. "మూసిపెట్టిన దేవునికి ఎవడన్న మొక్కుతడా?"

అన్న మూత తీశాడు. "బొట్టు పెట్టెకు పెట్టు బాపూ, గొట్టాలకొద్దు. కాయ జర అవతల కొడదాం."

"అవతల కొడితె అవతలోనికే పోతది. నీకేం తెల్వది, సప్పుడు చెయ్యకు."

ఇంకొక్కసారి వద్దంటే సరిపోయేది. కానీ బాపు అప్పటికే టోపీ తీసి, ఆ పెట్టె ముందు తల వంచి నిలబడ్డాడు. అన్న చేసిన పనికి బాపు తల వంచడం మా ఇద్దరికీ ఊహ తెలిశాక అదే మొదలు. అన్న ఒక అడుగు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

సీసపు ఇటుక మీద కాయ ఒక్క దెబ్బకే పగిలింది. మంచి శకునం. నీళ్లన్నీ గొట్టాల మీదే పడ్డాయి. పెట్టె ముందు తడబడింది, ఆ తర్వాత ఊపిరాడనట్టు టిక్ టిక్ టిక్కుమని మొత్తుకుంది.

"పలికింది! దేవత పలికింది!" అందరూ చప్పట్లు కొట్టారు.

అన్న తీగ లాగేలోపే పెట్టె చల్లబడింది. "అలిసిపోయినట్టున్నది, పండుగ పూట పండుకోనియ్యి సారూ" అంటూ సర్దార్ అన్న చేతిలో జమ్మి ఆకు పెట్టాడు. "బంగారం తీసుకో."

కొత్త గొట్టాలు కావాలని అన్న కాలేజీలో అడిగాడు. "అవార్డు వచ్చేసింది కదండీ, ఇంకా లెక్కపెట్టడం దేనికి?" అన్నాడు ప్రిన్సిపాల్. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. గొట్టాలకు లేని డబ్బు సన్మానాలకు మాత్రం దొరికింది. శాలువాలు వరసపెట్టి వచ్చాయి. ఎండకు పేరుబడ్డ కరీంనగర్‌లో అన్ని శాలువాలున్న ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది. ఆ పైన ప్రమోషన్ కూడా వచ్చింది, ఆదిలాబాద్ జిల్లాలో కొత్తగా తెరిచిన కాలేజీకి ప్రిన్సిపాల్‌గా. ఆ కాలేజీలో సైన్సు లేదు.

పెట్టె ఏమైందని బాపు అడిగితే "దాని పని అయిపోయింది బాపూ" అన్నాడు అన్న. అన్న కుర్చీ తన కాయ ఫలమేనని బాపు ఊరంతా చెప్పుకున్నాడు. లెక్క చూస్తే అది అబద్ధమూ కాదు.

మరుసటి దసరాకు, కాలేజీకి సెలవులివ్వక ముందే, బాపు నన్ను వెంటేసుకుని కొబ్బరికాయతో నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చాడు. నలుదిక్కులా వెతికాడు. మిషన్ అనదగిందేదీ కనిపించలేదు. బల్ల మీద నొక్కితే మోగే గంట ఒకటుంది.

"గిదేమన్న లెక్కపెడతదా?"

"లెక్కపెట్టది బాపూ. కొడితె మనిషొస్తడు."

"గిదీ మిషనంటె!" అంటూ బాపు గంటకు పసుపు రాసి, బొట్టు పెట్టాడు. కాయ కొట్టబోతుంటే అన్న బల్ల మీది కాగితాలు తీసి పక్కన పెట్టి, గంట కదలకుండా పట్టుకున్నాడు. కాయ పగిలాక, పని చేస్తోందో లేదో చూద్దామని, బాపు దాని మీద ఒక్కటి వేశాడు.

ప్యూను పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏం కావాలె సార్?"

"ఏం లేదు" అన్నాడు అన్న. "కొబ్బరి ముక్క తీసుకో."