గట్టు మీద ఒరిగిన కారు

ఏలూరులో రైలు దిగేసరికి వాన తెరిపిచ్చింది. బోట్లు, తాళ్లు, చెక్కలు లారీల్లోకెక్కించి మండవల్లి వైపు కదిలాం. వరద సాయానికొచ్చిన మా ఆర్మీ దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మాది చింతలపూడి. సొంత జిల్లాలో డ్యూటీ పడటం అదే మొదలు, అదే చివర.

కొల్లేరు పొంగింది. పొలమేదో చేపల చెరువేదో తెలియడం లేదు. రెండోరోజు మధ్యాహ్నం, ఒక చెరువు గట్టు మీద కారు ఒరిగి కనిపించింది. దాని కిందనుంచి రెండు కాళ్లు.

ఆయన లెక్కల మేష్టారు. తల్లికి ఆ రోజు ఏలూరులో డయాలసిస్. కారు గుంతలో పడి సైలెన్సర్ ఊడి వేలాడింది. మెకానిక్కు వచ్చే దారి లేదు. తల్లిని దింపడానికి పొడి చోటూ లేదు. ఆమెను వెనక సీట్లోనే ఉంచి, జాకీతో కారు లేపి, తీగతో కడదామని కిందికి దూరారు. నానిన మట్టిలోకి జాకీ దిగబడి పక్కకి జారింది.

బురదలో పడుకుని ఆయన తల నీళ్లకి పైన పట్టుకున్నాను.

"అమ్మ లోపలే ఉందండీ. ముందు ఆవిణ్ణి దింపండి," అన్నారు.

"ఎవరూ దింపొద్దు!" హవల్దారు హిందీలో అరిచారు. "ఆమె కదిలితే బండి ఇంకా కుంగుతుంది. ముందు చెక్కలు!"

ఆ మాట ఆమెకి నేనే చెప్పాలి.

"కాసేపు కదలకండమ్మా."

"మా అబ్బాయి కిందే ఉన్నాడు కదా బాబూ?"

"ఉన్నారమ్మా."

"అయితే కదలను."

చెక్కలు నిలిచాక ఆమెను ఎత్తి దింపారు. తర్వాత అందరూ కారెత్తారు. నేను ఆయన్ని భుజాలు పట్టి లాగాను.

హవల్దారు రేడియో అందుకున్నారు. "బోటు పంపండి. ఇద్దరు. ఒకరిని పడుకోబెట్టి తేవాలి."

బోటులో మేష్టారు కళ్లు తెరిచారు. "అమ్మకి టైమైపోయిందా అండీ?"

"ఇంకా ఉందండీ," అన్నాను.

రోడ్డు చేరకముందే ఆయన ఊపిరి ఆగింది. మా నర్సింగ్ అసిస్టెంట్ చేయగలిగిందంతా చేసి, చేతులు తీసేశాడు.

ఆమెకి ఏలూరులో డయాలసిస్ అందింది. నీళ్లు తీశాక మేం వెనక్కి వెళ్లిపోయాం. ఇప్పుడు రిటైరై ఇంటి దగ్గరే ఉంటున్నాను. ఊళ్లోవాళ్లు బోర్డరు గురించి, మంచు గురించి అడుగుతారు. చెబుతాను. ఇది మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ బోటులో, నర్సింగ్ అసిస్టెంట్ చేతులు తీసేశాక, ఆమె తన కొడుకు తల ఒళ్లోకి తీసుకుంది. పైట చెంగు నీళ్లలో తడిపి, చెవిలో బురద తుడవసాగింది.

"మట్టి అంటితే ఊరుకోడు వీడు, చిన్నప్పట్నించీ," అంది. "తల కాస్త ఇటు తిప్పు బాబూ. రెండో చెవి కూడా తుడుస్తాను."

తిప్పాను.