బంబై దాకా వెతికిన నంబరు

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి తెలియనిది లేదని మా గల్లీ మొత్తం నమ్మేది. అందరికంటే గట్టిగా నమ్మినవాణ్ని నేనే. దబీర్‌పురా స్టేషన్‌కి వెళ్లే దారిలో నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్ ఒకటి చూసుకునేవాణ్ని. ఇరవై రెండేళ్ల వయసు, మెడలో టై (ఎవరూ కట్టుకోమనలేదు), మాటల్లో అవసరం లేని ఇంగ్లీషు. మా నాన్న కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డ గుమాస్తా. నా టై చూసినప్పుడల్లా ఆయన పేపరు కాస్త పైకెత్తి మొహం దాచుకునేవాడు.

వినాయక చవితి ఇంకా మూడు వారాలు ఉందనగా ధూల్‌పేట్ నుంచి బాపు వచ్చాడు. ఆయన విగ్రహాలు చేసేవాడు. ఆయన కొడుకు నా దోస్తు. విగ్రహాలకు చివర కళ్లు దిద్దేది వాడే కనుక అందరూ వాణ్ని కండ్లన్న అనేవారు. బేరానికి వచ్చినవాళ్ల ముందు బాపు "గివేం కండ్లురా, దేవుడు నిద్రవోయినట్టున్నడు" అన్నాడట. వాడు కుంచె కింద పెట్టి, "అయితే నువ్వే దిద్దుకో" అని వెళ్లిపోయాడు. పది రోజులైంది. బాపు చేతులు అప్పటికే వయసుతో వణుకుతున్నాయి, కళ్లు దిద్దలేడు. షెడ్డులో ముప్పై మంది గణపతులు కళ్లు లేకుండా నిలబడి ఉన్నారు.

వాడి దగ్గర నుంచి నాకు ఒకే ఒక్క మెయిల్ వచ్చింది. "మంచిగనే ఉన్న. నన్ను దేవులాడకుండ్రి." వెతకొద్దంటే ఎలా, ఎక్కడున్నావని అడిగితే జవాబు లేదు. అది చదివి వినిపిస్తే బాపు స్క్రీన్ మీద చెయ్యి వేసి, "గీ కాయితం ఏడికెల్లి వచ్చిందో దీనికి ఎరుకుంటది గదా బిడ్డా?" అన్నాడు.

తెలియదని చెప్పాల్సింది. కానీ మెడలో టై ఉంది. "ఫికర్ చెయ్యకు బాపూ, పట్టుకుంట" అన్నాను. ఇంటర్నెట్‌కి కలిసిన ప్రతి కనెక్షన్‌కీ ఒక నంబరు ఉంటుంది. మెయిల్ వెనక దాగిన వరసల్లో అది కూడా వస్తుంది. ఆ నంబరు ఇస్తే ఊరు చెప్పే వెబ్‌సైట్ ఒకటి నాకు తెలుసు. కొట్టాను. ముంబై అంది. ఒక వీధి, ఒక బిల్డింగ్ పేరు కూడా చూపించింది. బాపు కంప్యూటర్‌కి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నేను ఆ దండాన్ని కాస్త నా వైపు తిప్పుకున్నాను.

"బాపు, నేను బంబైకి వస్తున్నం. స్టేషన్ల ఉండు" అని వాడికి మెయిల్ కొట్టి రైలెక్కాం. బాపు ఒళ్లో కొడుకు కోసం డబ్బా నిండా బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి. "నా నోరే వాన్ని గింత దూరం తరిమింది" అని దారి పొడుగునా అదే మాట. స్టేషన్లో వాడు లేడు. వెతుక్కుంటూ ఆ బిల్డింగ్‌కి వెళ్లాం. పెద్ద అద్దాల మేడ. "యహా కోయీ మూర్తివాలా నహీ హై, బాబా" అన్నాడు వాచ్‌మన్, విగ్రహాలు చేసేవాళ్లెవరూ ఇక్కడ లేరని. తలెత్తి బోర్డు చూశాను. మా సెంటర్‌లో మోడెమ్ మీద అంటించిన పేరే అది! మాకు లైను ఇచ్చిన కంపెనీ హెడ్ ఆఫీసు. ఆ కంపెనీ నంబర్లన్నీ ఈ చిరునామా మీదే నమోదై ఉన్నాయి. ఆ లెక్కన దబీర్‌పురాలో కూర్చున్న నేను కూడా ఏడాదిగా ముంబైలోనే ఉంటున్నాను.

బాపు వాచ్‌మన్‌కి ఒక సర్వపిండి ముక్క పెడుతున్నాడు. ఆయన్ని స్టేషన్‌కి తీసుకొచ్చేశాను. తిరుగు రైల్లో టై విప్పి జేబులో పెట్టుకుని నిజం చెప్పాను. ఆయన తిడతాడనుకున్నాను. సర్వపిండి డబ్బా మూత బిగించి, "అంటే వాడు పట్నంలనే ఉండొచ్చా?" అన్నాడు. ఉండొచ్చన్నాను. ఆ ఒక్క మాటకి ఆయన ముఖం ఎంత వెలిగిందో చూసి నాకు ఏడుపొచ్చింది.

ధూల్‌పేట్‌లో షెడ్డు తలుపు తీసి ఉంది. ముప్పై మంది గణపతులూ మమ్మల్ని చూస్తున్నారు. వాళ్ల మధ్య చేతులకు నల్లరంగుతో కండ్లన్న. వాడు చాంద్రాయణగుట్టలో లారీల వెనక బొమ్మలు వేస్తున్నాడట. అక్కడి నెట్ సెంటర్‌లో నా మెయిల్ చూసి పరుగెత్తుకొచ్చాడట. "పట్నం దాటని మనిషిని బంబైకి తోల్కవోతవారా? ఆడ తప్పిపోతే?" అని నా కాలర్ పట్టుకున్నాడు. మేము వచ్చేదాకా కాలు నిలవక కళ్లు దిద్దుతూ కూర్చున్నాడట. బాపు ఒక్కో విగ్రహం ముందు ఆగి, "నిద్రవోయినట్టే ఉన్నయ్" అన్నాడు. చివరి విగ్రహం దగ్గరికి వచ్చి, "ఉండనియ్" అన్నాడు. ఆ తర్వాత నా భుజం తట్టాడు. "నీ కంప్యూటర్ డబ్బా వాడు యాడున్నడో నాకు చెప్పలే. నేను యాడున్ననో వానికి చెప్పింది. సాలు బిడ్డా."

ఇప్పటికీ ఇంట్లో కంప్యూటర్ తెరిస్తే ఏదో ఒక వెబ్‌సైట్ నేను ముంబైలో ఉన్నానంటుంది. తప్పైతే సరిచేయమని కింద ఒక బటన్ కూడా ఇస్తుంది. బాపు ఇప్పుడు లేడు. ఆ టై కట్టుకున్న కుర్రాడూ లేడు. వాళ్లిద్దరూ సర్వపిండి డబ్బాతో ఇంకా అక్కడే తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. నేను ఆ బటన్ నొక్కను.